బతికే దారి వేయకుండా చావు హక్కా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో చుట్టం ఇంటికొస్తే, మంచినీళ్లిచ్చాక అడిగే మొదటి ప్రశ్నల్లో ‘క్రియాటిన్ ఎంతొచ్చింది?’ ఒకటి. సీరం క్రియాటినిన్ అనే ల్యాబ్ మాటను జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే కూలీలు తమ నోటికి అనువుగా మలుచుకున్నారు. ఒకటిన్నర అంటే గుబులు, మూడు అంటే మందులు, అయిదు దాటితే పింఛను, ఆ తర్వాత మిషను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పెద్దవాళ్లను పరీక్షించిన ఒక సర్వే నూటికి దాదాపు 18 మందిలో మూత్రపిండాల జబ్బు ఉందని 2019లో తేల్చింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు లేదు, బీపీ లేదు. జబ్బుకు కారణమేమిటో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. చికిత్స మాత్రం కొంత దగ్గరికి వచ్చింది. పలాస, సోంపేట, కవిటి, హరిపురాల్లో డయాలసిస్ పడకలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ మీదున్న మనిషికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ముంజేతి నరాన్ని ధమనితో కలిపి కుట్టిన చోట తాడులా ఉబ్బి ఉంటుంది. అక్కడే రెండు లావు సూదులు గుచ్చుతారు. ఒక దాంట్లోంచి రక్తం బయటికి, ఇంకో దాంట్లోంచి లోపలికి. ఇలా ఏళ్లు గడిచాక ఒక ఉదయం ఆ మనిషి ఆటో ఎక్కనంటాడు. ‘ఇంక నానెల్లను, నన్నొదిలీండి’ అంటాడు. కారుణ్య మరణం మీద మన ప్రాంతంలో జరగాల్సిన చర్చంతా ఆ ఒక్క మాట దగ్గర మొదలవుతుంది.

ఆ మాట తర్వాత ఏమవుతుందో చూడండి. మూత్రపిండాల్లో పని ఏమీ మిగలని మనిషి డయాలసిస్ మానేస్తే, సాధారణంగా వారం పది రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరితే పడుకోలేడు. గోడకు ఆనుకుని కూర్చుని రొప్పుతుంటాడు. ఒళ్లంతా దురద. వాంతులు. చివరికి మగత, ఆ మగతే అతడికి కాస్త దయ. ఈ బాధల్లో ప్రతి ఒక్కదానికీ మందు ఉంది. ఖరీదైనదేమీ కాదు. కానీ ఆ వారం రోజులు ఆ ఇంటికి ఎవరు రావాలో, ఏం తేవాలో ఎక్కడా రాసిలేదు. ఆసుపత్రి రిజిస్టరులో ‘రావడం మానేశారు’ అని ఒక గీత పడుతుంది, అంతే. నెదర్లాండ్స్ చట్టం గురించీ బ్రిటన్ పార్లమెంటు ఓటు గురించీ మనం ఆసక్తిగా చదువుకుంటాం. పక్కింటి వరండాలో జరిగే ఈ చావును ఆ చర్చలో కలపం. నేను చెప్పదలచుకున్నది ఇది: చికిత్స ఆపమనే హక్కు మన దగ్గర చట్టంలో వచ్చింది, ఊరికి రాలేదు. అది వచ్చి, దానితోపాటు నొప్పి తగ్గించే వైద్యం గడపదాకా వచ్చేవరకు డాక్టరు చేత సూది వేయించుకునే హక్కు గానీ, మందు రాయించుకునే హక్కు గానీ అడగడం తొందరపాటు. అంతేకాదు, పేదవాడి విషయంలో అది ప్రమాదం కూడా.

చట్టం ఎక్కడుందో ముందు తేల్చుకుందాం. మన పత్రికలు కారుణ్య మరణం అని రాసే మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయి. బతికించే యంత్రాన్ని ఆపి జబ్బును దాని దారిన పోనివ్వడం ఒకటి. డాక్టరే సూది వేసి ప్రాణం తీయడం రెండోది. డాక్టరు రాసిచ్చిన మందు రోగి తన చేత్తో తాను మింగడం మూడోది. మొదటిది మన దేశంలో చెల్లుతుంది. మిగతా రెండూ నేరాలే. ఈ గీత గీయడానికి కోర్టులకు ముప్పయ్యేళ్లకు పైగా పట్టింది. జీవించే హక్కులో చనిపోయే హక్కు ఇమిడి లేదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1987లోనే చెన్నా జగదీశ్వర్ కేసులో చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఉందని చెప్పింది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు దాన్ని తిరగరాశారు. ముంబైలో 1973లో దాడికి గురై 42 ఏళ్లు స్పృహ లేకుండా మంచం మీదే ఉండిపోయిన నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011లో తలుపు కొంచెం తెరుచుకుంది. 2018 మార్చి 9న రాజ్యాంగ ధర్మాసనం పూర్తిగా తెరిచింది. గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమనీ, స్పృహ పోయినప్పుడు తనకు ఏ చికిత్సలు వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చనీ అంది. అయితే ఆ కాగితానికి మేజిస్ట్రేటు సంతకం కావాలని మెలిక పెట్టడంతో అయిదేళ్లు అది కాగితంగానే మిగిలింది. 2023 జనవరిలో నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలన్నారు. ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించిన పాత 309 సెక్షన్ 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో లేదు. ఆత్మహత్యకు తోడ్పడితే మాత్రం 108వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు. కాబట్టి మందు రాసిచ్చే డాక్టరు నేరస్థుడే.

తెలుగువాళ్లకు ఈ చర్చను ఇంటికి తెచ్చినది 2004 నాటి వెంకటేశ్ ఉదంతం. హైదరాబాద్‌లో పాతికేళ్ల చదరంగం ఆటగాడు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు. చివరి రోజుల్లో వెంటిలేటర్ మీద ఉండి, తన అవయవాలు పాడవకముందే తీసి ఇంకొకరికి పెట్టమని అడిగాడు. తల్లి ఆ కోరికను హైకోర్టు దాకా మోసుకెళ్లింది. బ్రెయిన్ డెడ్ కాని మనిషి నుంచి అలా అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు తోసిపుచ్చింది. ఆ డిసెంబరు 17న అతడు చనిపోయాడు. ఆ తీర్పును రాతిగుండె తీర్పని అప్పట్లో చాలామంది నిందించారు. నాకు అలా అనిపించదు. కోర్టు ముందున్నది ఒక్క వెంకటేశ్ కాదు. బతికుండగా అవయవాలు తీయొచ్చని ఒక్కసారి రాస్తే, కిడ్నీలు అమ్ముకునే పేదరికం ఉన్న రాష్ట్రంలో ఆ వాక్యం ఎక్కడెక్కడికి పాకుతుందో ఊహించడం కష్టం కాదు. అలాగని ఆ యువకుడి కోరికలో పేదరికం లేదు, నిస్పృహ లేదు, తెలివైన మనసు స్పష్టంగా అడిగింది. నా వాదనకు ఎప్పటికీ లొంగని కేసు అదే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

దానికి పూర్తిగా వ్యతిరేక దిక్కున ఉన్నది 2016 వేసవి నాటి సంగతి. చిత్తూరు జిల్లా తంబళ్లపల్లె కోర్టుకు పేద దంపతులు వెళ్లి, కాలేయం జబ్బుతో ఉన్న తమ ఎనిమిది నెలల బిడ్డకు కారుణ్య మరణం ప్రసాదించమన్నారు. మార్పిడికి అయ్యే లక్షలు తమ దగ్గర లేవు, బిడ్డ ఏడుపు చూడలేమన్నారు. అది తన పరిధిలో లేదంది కోర్టు. వార్త పత్రికల్లో రాగానే ప్రభుత్వం ఖర్చు భరించింది, చెన్నైలో తండ్రి కాలేయం ముక్క తీసి బిడ్డకు పెట్టారు. ఆ అర్జీలో రాసింది చావు, అడిగింది వైద్యం. ఇలాంటి అర్జీలు మన కలెక్టరేట్లకు కొత్త కాదు. భూమి పోయినవాడూ, పింఛను ఆగినవాడూ, బిడ్డకు వైద్యం చేయించలేనివాడూ ‘లేదంటే చావడానికైనా అనుమతివ్వండి’ అని రాస్తారు. తెలుగులో ఆ వాక్యం బెదిరింపూ కాదు, కోరికా కాదు, వినిపించుకోని వాళ్ల చెవిలో వేసే ఆఖరి కేక. దాన్ని అక్షరాలా తీసుకుని ‘సరే’ అనే చట్టం వస్తే ఆ సంతకం ఎవరి కోసం పెట్టినట్టు?

ఇష్టం అనే మాటను కాస్త దగ్గరగా చూడాలి. డయాలసిస్ ఉచితం. ఆటో ఉచితం కాదు, తోడు వెళ్లే కొడుకు పోగొట్టుకునే కూలి ఉచితం కాదు. మగవాళ్లు చెన్నై, హైదరాబాద్, గల్ఫ్‌లలో భవనాల పనుల్లో ఉంటే రోగిని నడిపించుకెళ్లేది ఇంటి కోడలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిచెట్లను పడగొట్టాక చాలా ఇళ్లలో ఆధారం లేదు. ‘మీకెందుకు ఈ తిప్పలు, నాను పోతే మీరైనా బతుకుతారు’ అనే మాటలో మనిషి ఎంత, లెక్క ఎంత? ఇంకో వైపూ చూడండి. డయాలసిస్ రోగికి రాష్ట్రం నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది, మంచి పని. ఆ పింఛను మనిషితోనే పోతుంది. కాబట్టి కొన్ని ఇళ్లలో ఒళ్లు చాలన్నా ఇల్లు చాలనదు. మానేద్దామనుకున్న మనిషి మనవరాలి ఫీజు కట్టేదాకా ఇంకో ఆరు నెలలు సూదులు గుచ్చించుకోవచ్చు. అంటే డబ్బు ఒకరిని చావు వైపు లాగుతుంది, ఇంకొకరిని బతుకు వైపు ఈడుస్తుంది. ఇలాంటి చోట మనిషి స్వేచ్ఛగా కోరుకున్నాడని ధ్రువీకరించమంటే ఏ డాక్టరు మాత్రం ఏం ధ్రువీకరిస్తాడు?

దీనికి జవాబు చెప్పేవాళ్లు ఒరెగాన్ లెక్కలు చూపిస్తారు. అమెరికాలో ఆ రాష్ట్రం 1997 నుంచి ఆరు నెలల్లో చనిపోతారని తేలిన రోగులకు మందు రాసివ్వడాన్ని అనుమతిస్తోంది. అక్కడ మందు అడిగినవాళ్లలో ఎక్కువమంది చెప్పిన కారణం నొప్పి కాదు, డబ్బు అసలే కాదు. తన పనులు తాను చేసుకోలేకపోవడం, నచ్చినట్టు బతకలేకపోవడం. కాబట్టి పేదరికం భయం ఊహ మాత్రమే అంటారు. లెక్క నిజమే. కానీ ఆ లెక్కలోనే ఇంకో వరుస ఉంది. అలా మందు తీసుకున్నవాళ్లలో నూటికి తొంభై మంది దాకా అప్పటికే హాస్పిస్ సంరక్షణలో ఉన్నారు. ఇంటికి నర్సు వస్తుంది, నొప్పికి మందు ఉంది, మాట్లాడటానికి మనిషి ఉంది. అన్నీ ఉన్నా వద్దన్నారు. ఆ వద్దనడాన్ని నేను గౌరవిస్తాను. ఏ ఒక్కటీ లేనివాడు వద్దంటే దాన్ని అదే గాటన కట్టలేను. కెనడా ఇంకో పాఠం. 2016లో చావు దగ్గరపడినవాళ్లకే అని మొదలైన చట్టం, 2021లో ఆ షరతు తీసేసింది. 2023లో అక్కడ 15,343 మంది ఈ దారిన వెళ్లారు, మొత్తం మరణాల్లో 4.7 శాతం. సరైన ఇల్లు దొరక్క, సాయం అందక ఆ దారి వెతుక్కున్న వికలాంగుల కథలు అక్కడి పత్రికల్లోనే వచ్చాయి. మానసిక రోగులకూ వర్తింపజేయాలన్న ప్రతిపాదనను 2027 దాకా వాయిదా వేసుకున్నారు. అంత పకడ్బందీ వైద్య బీమా ఉన్న దేశానికే గీత నిలుపుకోవడం కష్టమైంది.

మేధావులు వేసే ఇంకో ప్రశ్నకు పదును ఎక్కువ. అమెరికన్ తత్వవేత్త జేమ్స్ రేచెల్స్ 1975లో అడిగాడు: యంత్రం ఆపి చావనివ్వడానికీ, సూది వేసి చంపడానికీ నీతిలో తేడా ఏమిటి? రెండింట్లోనూ ఉద్దేశం ఒకటే, ఫలితం ఒకటే. పైగా మొదటి దాంట్లో రోగి పది రోజులు రొప్పుతాడు, రెండో దాంట్లో పది నిమిషాల్లో పోతాడు. ఏది దయ? నిజాయతీగా ఒప్పుకోవాలి, డాక్టరు మనసులోకి తొంగిచూస్తే తేడా దొరక్కపోవచ్చు. నేను తేడా చూసేది హద్దులో. చికిత్స ఆపడానికి హద్దు గీసేది రోగి శరీరమే. యంత్రం మీద లేనివాడిని యంత్రం ఆపి చంపలేరు. ఆపినా బతకగలిగినవాడు బతుకుతాడు. సూదికి అలాంటి హద్దు లేదు, అది ఎవరికైనా దిగుతుంది. దానికి హద్దు మనుషులే కాగితం మీద గీయాలి, మనుషులే కాపలా కాయాలి. పోస్టుమార్టం రిపోర్టు కోసం కూడా తిరగాల్సి వచ్చే వ్యవస్థలో ఆ కాపలా మీద నాకు నమ్మకం లేదు. పది రోజుల రొప్పు సంగతంటారా, అది ఆపడం వల్ల వచ్చింది కాదు, ఆపాక ఎవరూ రాకపోవడం వల్ల వచ్చింది.

ఎవరో ఒకరు రావడమంటే ఏమిటో ప్రపంచంలో ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కర్లేదు. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన మిత్రులు ఒక చిన్న క్లినిక్‌తో మొదలుపెట్టారు. 2008కి కేరళ ప్రభుత్వమే ఉపశమన వైద్యానికి విధానం ప్రకటించింది. ఇప్పుడు అక్కడ పంచాయతీ నర్సు మంచానపడ్డవాళ్ల ఇంటికి వెళ్తుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఏళ్లుగా నడుస్తోంది. మందుల సంగతి మరీ విచిత్రం. నల్లమందును చట్టబద్ధంగా పండించి విదేశాలకు అమ్మే కొద్ది దేశాల్లో మనది ఒకటి. 2017 నాటి లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం మన రోగులకు కావాల్సిన మార్ఫిన్‌లో అందుతున్నది 4 శాతం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి ఆసుపత్రులు దాన్ని ఉంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి మార్ఫిన్, ఫెంటనిల్ సహా ఆరు మందులకు లైసెన్సు తేలిక చేశారు. చట్టం మారింది, భయం మారలేదు. ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి మూటలు దిగివచ్చే దారిలోనే ఒక మార్ఫిన్ బిళ్ల ఎక్కిపోవడానికి ఇన్ని కాగితాలు! కిడ్నీ రోగి విషయంలో ఇంకో చిక్కుంది. మార్ఫిన్ విరిగి ఏర్పడే పదార్థాలు పనిచేయని మూత్రపిండాల వల్ల ఒంట్లోనే పేరుకుపోతాయి, మనిషి వణుకుతాడు, కలవరిస్తాడు. అతడికి ఫెంటనిల్ లాంటిది, అదీ చిన్న మోతాదులో కావాలి. ఉద్దానానికి కావాల్సింది ఇలాంటి సంగతి తెలిసిన డాక్టరూ నర్సూ.

ఇదంతా మన దగ్గర అయ్యే పనేనా అనొచ్చు. పార్వతీపురం మన్యంలో గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలున్నాయి, చచ్చిపోయేవాడి దగ్గరికి నర్సు వెళ్తుందా అని. సందేహం న్యాయమే. కానీ ఊరికి 104 వాహనం వస్తోంది, ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్ఎం ఉంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, 2023లో విజయనగరంలో ఇంకోటి మొదలైంది. కొత్తగా భవనం కట్టే పని లేదు. ఉన్నవాళ్లకు ఆరువారాల శిక్షణ, ఒక మందుల పెట్టె, ఒక రిజిస్టరు. కట్టడాలకు శంకుస్థాపన ఉంటుంది, ఫొటో ఉంటుంది. చచ్చిపోయేవాడి పక్కన కూర్చునే పనికి రిబ్బన్ కత్తిరించడం ఉండదు, బహుశా అదే అసలు అడ్డంకి.

ఇక ధర్మం మాట. ప్రాణం ఇచ్చింది దేవుడు, తీయడానికి మనమెవరం అనే వాదన మీద ఎక్కువసేపు ఆగను. ఏడు రోజుల్లో చావు తప్పదని తెలిసి గంగ ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చున్న పరీక్షిత్తు కథ మనదే. 1982లో వినోబా భావే అన్నం, మందు మానేసి వెళ్లిపోయారు, ఎవరూ ఆయన్ను పాపి అనలేదు. మన సంప్రదాయానికి చావును ఒప్పుకోవడం తెలుసు. తెలియనిది ఒకరి తరఫున ఇంకొకరు ఒప్పుకోకుండా ఉండటం. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ముసలివాళ్లకు నూనె తలంటి, కొబ్బరినీళ్లు తాగించి సాగనంపే తలైకూత్తల్ కూడా ప్రేమ పేరుతోనే జరిగింది. అందుకే ఒక ఎదురుప్రశ్న నా మీదికే వస్తుంది: చికిత్స ఆపే హక్కును ఊళ్లకు తెస్తే, భూమి మీద కన్నేసిన వారసులు దాన్ని వాడుకోరా? వాడుకుంటారు. ఇప్పుడూ వాడుకుంటున్నారు. విశాఖలో వెంటిలేటర్ బిల్లు పెరిగే కొద్దీ ‘ఆశ లేదు, తీసుకెళ్లిపోండి’ అనే మాట వస్తుంది. ‘డాక్టరు సలహాకు విరుద్ధంగా’ అనే కాగితం మీద కొడుకు సంతకం పెడతాడు. గొంతులో గొట్టంతోనే మనిషిని అంబులెన్స్ ఎక్కించి, తోడున్నవాడు చేత్తో గాలితిత్తి నొక్కుతుంటే రెండొందల కిలోమీటర్లు వస్తారు. ఇంటి గుమ్మం దగ్గర గొట్టం తీసి తులసి నీళ్లు పోస్తారు. ఇది కారుణ్య మరణం కాకపోతే మరేమిటి? తేడా ఒక్కటే, ఇందులో రోగిని ఎవరూ అడగలేదు, బోర్డు లేదు, రికార్డు లేదు, నొప్పికి మందు లేదు. సుప్రీంకోర్టు 2023 మార్గదర్శకాల ప్రకారం స్పృహ లేని రోగికి చికిత్స ఆపాలంటే ముగ్గురు డాక్టర్ల బోర్డు చూడాలి, దాని మీద ఇంకో బోర్డు చూడాలి, ఒక్కొక్కటీ వీలైతే 48 గంటల్లో తేల్చాలి, మేజిస్ట్రేటుకు చెప్పాలి. వారసుడి ఆశకు ఈ దారిలో అడ్డంకులెక్కువ, ఇప్పటి దారిలో అడ్డంకే లేదు.

వెంకటేశ్ దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. ఆపడానికి అతడికి యంత్రమైనా ఉంది. అన్ని సదుపాయాలూ ఉండి, నొప్పికి మందు ఉండి, ఆ యంత్రం కూడా లేని జబ్బుతో, తెలివిగా ‘ఇక చాలు’ అనే మనిషికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ మనిషిని ఓపిక పట్టమనడం తేలికైన మాట కాదని తెలుసు. ఏదో ఒకరోజు మన చట్టసభలు ఆ మనిషి కోసం తలుపు తెరవాల్సి రావచ్చు. ఆ తలుపు తెరిచిన తొలి దేశాల్లో ఒకటైన నెదర్లాండ్స్‌లో ప్రతి మనిషికీ వైద్య బీమా ఉంది, ఏళ్లుగా ఎరిగిన కుటుంబ వైద్యుడు ఉన్నాడు. మనం ఆ రెండూ లేకుండా తలుపు ఒక్కటే తెచ్చుకోలేం. ఉద్దానం మంచాల మీద ఉన్నవాళ్లలో చాలామంది అడుగుతున్నది అది కూడా కాదు.

స్పృహలో ఉన్న పెద్దమనిషి డయాలసిస్ వద్దంటే దానికి ఏ బోర్డూ అక్కర్లేదు, అది అతడి హక్కు. ఆ మాట విన్న డయాలసిస్ కేంద్రం చేయాల్సిందల్లా ఎందుకు వద్దంటున్నాడో కూర్చుని అడగడం, ఛార్జీలే కారణమైతే అవి తీర్చడం, నిజంగానే చాలనుకుంటే ఆ వారం రోజులకు మందుతో మనిషిని పంపడం. పలాస ఆసుపత్రిలో ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు. జిల్లా వైద్యాధికారులు రెండో బోర్డుకు డాక్టర్ల పేర్లు ముందే సిద్ధం చేసి పెట్టొచ్చు. పక్కనే కర్ణాటక 2025 జనవరిలో ఇందుకు సర్క్యులర్ ఇచ్చింది. ఇక ఏ చికిత్సలు వద్దో ముందే రాసిపెట్టుకునే ముందస్తు వీలునామా సంగతి పాఠకులదే. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ, మీ తరఫున మాట్లాడే దగ్గరి మనిషి పేరు, ఇంతే కావాలి. దాని నకలును స్థానిక సంస్థ అధికారికి అప్పగించాలని సుప్రీంకోర్టు చెప్పింది. సోమవారం మీ గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్లి, ఆ కాగితం ఇక్కడ ఎవరు తీసుకుంటారని అడగండి.